కారు నెత్తికి కొలతలు

నేను టైలర్‌ని. విజయవాడ వన్‌టౌన్‌లో ఇరవై ఆరేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. కారు మీద పెట్టె బిగించే సంగతి టైలర్ చెప్పడమేంటని అనుకోవచ్చు. అందులో దిగాక తెలిసింది, ఇందులో రెంచీ పని తక్కువ, టేపు పని ఎక్కువ. కొలత తప్పిన జాకెట్టు తిరిగొస్తే విప్పి కుట్టొచ్చు. పెట్టె కింద టాపు మీద అడ్డంగా బిగించే రెండు బార్లు కొలత తప్పి రేకును నొక్కేస్తే టింకరింగ్‌కి వెళ్లాల్సిందే. నేను వెళ్లాను కాబట్టి చెబుతున్నా.

మాది 2018 మోడల్ స్విఫ్ట్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఇంట్లో ఐదుగురం. అమ్మ వాకర్ లేకుండా నడవలేదు. ఆ వాకర్, ఒక సూట్‌కేసు పెట్టేసరికి డిక్కీ అయిపోతుంది. మూడేళ్ల కిందట మేనకోడలి పెళ్లికి తాడేపల్లిగూడెం వెళ్తూ, తెలిసినవాళ్ల దగ్గర ఇనప క్యారియర్ అడిగి తెచ్చి, బట్టల మూటలు దాని మీదికెక్కించి, టార్పాలిన్ కప్పి తాళ్లతో కట్టాం. హనుమాన్ జంక్షన్ దాటాక వాన పట్టుకుంది. టార్పాలిన్ ఒక మూల ఊడి పటపటా కొట్టుకుంటోంది. ఆపి చూసేసరికి ఎర్రంచు చీర రంగు దిగి, పెళ్లికొడుక్కి పెట్టాల్సిన తెల్ల పంచెల చాపు మీదికి పాకింది. అందులో ఒక పంచె ఇప్పుడు మా షాపులో ఇస్త్రీ బల్ల మీద పరిచి ఉంటుంది. మా ఆవిడ దాన్ని చూసినప్పుడల్లా నా వంక కూడా ఒకసారి చూస్తుంది.

ఆ తర్వాత మూత, తాళం ఉన్న పెట్టె కావాలనుకున్నా. మొదట చేసిన తప్పు, పెట్టె చూసి మోజుపడి, దాని కింద బార్లు ఏవో ఒకటి తగిలిద్దాంలే అనుకోవడం. ఒక దుకాణంలో "యూనివర్సల్ బార్లు సార్, అన్ని కార్లకీ పడతాయి" అన్నారు. మన భాషలో చెప్పాలంటే ఫ్రీ సైజు. ఫ్రీ సైజు అంటే ఎవరికీ సరిగ్గా పట్టని సైజు అని నాకు ఇరవై ఆరేళ్లుగా తెలుసు, అయినా కొన్నా. బారు చివర టాపు మీద ఆనే పాదం రేకుకు బలం ఉన్నచోట కాకుండా నాలుగు వేళ్లు లోపలికి కూర్చుంది. పాదానికుండే కొక్కెం డోర్ ఫ్రేమును సగమే పట్టుకుంది. గట్టిగా బిగిస్తే రేకు సొట్టపోయింది, వదులు చేస్తే బారు జారింది. డోర్ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ నలిగి, తర్వాతి వానకు వెనక సీటు తడిసింది. దుకాణాన్ని తిట్టి లాభం లేదు, టేపు నా మెడలోనే వేలాడుతోంది.

అసలు వరస ఇది: బార్లు కారుకు సరిపోవాలి, పెట్టె బార్లకు సరిపోవాలి. కాబట్టి ముందు కారు టాపు చూడండి, పెట్టె ఫొటోలు తర్వాత చూసుకోవచ్చు.

టాపులు ఐదు రకాలు. పాత అంబాసిడర్, ఓమ్ని, సుమో లాంటి వాటికి తలుపుల పైన వాన నీళ్లు జారే గాడి అంచు ఉంటుంది. దాన్ని పట్టుకుని బిగించే క్యారియర్లు మన ఊళ్లో ఎప్పట్నుంచో ఉన్నాయి, వాటితో పేచీ లేదు. రెండో రకం, టాపుకు రెండు వైపులా పొడవునా రెయిల్ ఉండి, దాని కింద వేళ్లు దూరే సందు ఉంటుంది. మూడోది, రెయిల్ ఉంటుంది గానీ రేకుకు అతుక్కుని ఉంటుంది, సందు ఉండదు. నాలుగోది, రెయిల్ లేకుండా టాపు మీద చిన్న చిన్న మూతలు, వాటి కింద బోల్టు పట్టే రంధ్రాలు కంపెనీయే ఇస్తుంది. ఐదోది మా స్విఫ్ట్ లాంటి బోడి నెత్తి. ఏమీ ఉండదు. పాదాలు టాపు అంచు మీద కూర్చుని, కొక్కేలు తలుపు తీస్తే కనిపించే ఫ్రేమును పట్టుకోవాలి.

ఐదు రకాలకీ పాదాలు వేరు. దుకాణానికి ఫోన్ చేసి "స్విఫ్ట్‌కి బార్లున్నాయా" అని అడిగితే అది సగం ప్రశ్నే. మోడల్, తయారైన ఏడాది, టాపు రకం మూడూ చెప్పాలి. స్విఫ్ట్ అనే పేరు మన దేశంలో 2005 నుంచి ఉంది, కానీ 2011లో, 2018లో, 2024లో బండి మారింది. పేరు ఒకటే, నెత్తి వేరు. పక్కింటాయన పాత స్విఫ్ట్ బార్లు సగం ధరకి ఇస్తానంటే, అక్క జాకెట్టు చెల్లెలికి పట్టినట్టే ఉంటుంది. పట్టొచ్చు, పట్టకపోవచ్చు.

రెయిల్స్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇప్పుడొచ్చే చాలా చిన్న కార్ల మీద రెయిల్స్ అలంకారానికే. కొన్ని ఏకంగా టేపుతో అంటించినవి, మా దగ్గర లేసులు, కుందన్లు అంటించినట్టు. వాటికి బార్లు బిగించి బరువు పెడితే హైవే మీద ఊడొస్తాయి. బరువు మోసేవైతే కంపెనీ ఆ మాట చెప్పుకుంటుంది. రెనో ట్రైబర్ రెయిల్స్ 50 కిలోలు మోస్తాయని కంపెనీయే ప్రకటించుకుంది. మీ కారు మాన్యువల్‌లో అలాంటి మాట లేకపోతే రెయిల్స్ పట్టుకుని లాగి పరీక్షలు చేయకండి. షోరూమ్ సర్వీసు వాళ్లను అడగండి, మీ వేరియంట్ పేరు చెప్పి అడగండి. ఒకే కారులో పై వేరియంట్‌కి ఒక రకం, కింది వేరియంట్‌కి ఇంకో రకం ఉండొచ్చు.

మాన్యువల్ ఎలాగూ తీశారు కాబట్టి అందులో టాపు మీద ఎంత బరువు పెట్టొచ్చో వెతకండి. చిన్న కార్లకు తరచు 50 కిలోలు, పెద్దవాటికి 75, 100 కూడా ఉంటుంది. ఆ అంకెలో బార్లు, పెట్టె, లోపలి సామాను అన్నీ కలిసే ఉంటాయి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. 50 కిలోల కారు అనుకుందాం. బార్లు 5 కిలోలు, పెట్టె 15. మిగిలింది 30. పెట్టె మీద 75 కిలోలు అని స్టిక్కర్ ఉందని 75 పెట్టేస్తే, పెట్టెకేమీ కాదు, కారుకవుతుంది. కారుకొక హద్దు, బార్లకొక హద్దు, పెట్టెకొక హద్దు ఉంటాయి. మూడింట్లో ఏది చిన్నదైతే అదే మీ లెక్క.

"నేను టాపు మీద కూర్చుంటేనే ఏం కాలేదు, 50 కిలోలేంటి" అని మా బావగారు వాదించారు. కూర్చున్నప్పుడు బండి ఆగి ఉంది. 80లో వెళ్తూ సడెన్ బ్రేక్ వేస్తే ఆ బరువంతా ముందుకు తోసుకొస్తుంది, మలుపులో పక్కకు లాగుతుంది. మాన్యువల్లో అంకె నడిచే బండికి.

ఇక టేపు తీయండి. ఇంచీలు వద్దు, పెట్టెల కొలతలన్నీ సెంటీమీటర్లలో ఉంటాయి. కారు నీడలో ఉన్నప్పుడు కొలవండి. మే నెలలో మధ్యాహ్నం టాపు మీద చెయ్యి పెడితే దోసె పెనమే.

కావాల్సినవి నాలుగు కొలతలు. ఒకటి, ముందు బారు నుంచి వెనక బారుకు దూరం. బోడి నెత్తి కారుకు ఈ దూరం మన ఇష్టం కాదు, బార్ల కంపెనీ కాగితంలో ఏ తలుపు అంచు నుంచి ఎన్ని సెంటీమీటర్లో రాసి ఉంటుంది, అక్కడే పెట్టాలి. పెట్టెలు కూడా బార్ల మధ్య ఇంత దూరం ఉండాలని అడుగుతాయి, మామూలుగా 60, 70 సెంటీమీటర్లకు తగ్గకుండా. చిన్న కార్లకు ఈ రెండూ కుదరక చాలా పెట్టెలు ఇక్కడే తప్పుకుంటాయి. రెండు, టాపు వెడల్పు, ముందొకటి, వెనకొకటి. ముందు కాస్త సన్నం, వెనక వెడల్పు, లేదా తిరగేసి ఉంటుంది. మూడు, నేల నుంచి టాపు దాకా ఎత్తు. నాలుగోది డిక్కీ తలుపు. ఇది కొలవడం అన్నిటికంటే తిప్పలు.

హ్యాచ్‌బ్యాక్ డిక్కీ తలుపు పైకి లేచినప్పుడు దాని పై అంచు, ముఖ్యంగా అక్కడ రెక్కలాంటి స్పాయిలర్ ఉంటే అది, టాపు మీదికి ముందుకు వాలుతుంది. పెట్టె వెనక కొన దానికి అడ్డొస్తే డిక్కీ సగమే తెరుచుకుంటుంది, లేదా గట్టిగా ఎత్తితే పెట్టెకు గుద్దుకుని తలుపు పెయింటు పోతుంది. డిజైర్ లాంటి సెడాన్ వాళ్లకు ఈ బాధ లేదు, డిక్కీ విడిగా లేస్తుంది. మాకు ఉంది. నేనేం చేశానంటే, కొత్త డిజైను కుట్టేటప్పుడు బట్ట మీద కత్తెర పెట్టే ముందు పేపర్ కటింగ్ చేసుకుంటాం కదా, అదే చేశా. ఎలక్ట్రానిక్స్ షాపు నుంచి ఫ్రిజ్ అట్టపెట్టె తెచ్చి, నేను అనుకున్న పెట్టె కొలతలకు, 139 పొడవు, 90 వెడల్పు, అట్ట కోశా. పక్కలకు 39 సెంటీమీటర్ల అట్ట నిలబెట్టి గమ్ టేపు అంటించా. టాపు మీద పాత దుప్పటి పరిచి, బార్ల ఎత్తుకు నాలుగు చెక్క ముక్కలు పెట్టి, దాని మీద అట్ట పెట్టె ఎక్కించా. మా అబ్బాయి లోపల కూర్చుని డిక్కీ మెల్లగా ఎత్తమంటే ఎత్తాడు. స్పాయిలర్ వచ్చి అట్టకు తగిలి దాన్ని ముందుకు తోసింది. తోసినంత తోయనిచ్చి, తలుపు పూర్తిగా లేచాక అట్ట ఎక్కడ ఆగిందో టాపు మీద సుద్దతో గీశా. బట్టల సుద్దే, తడిగుడ్డతో పోతుంది. ఆ గీతకు మూడు వేళ్లు ముందే పెట్టె వెనక కొన ఉండాలి. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. ఒకాయన వినాయక చవితి పందిరా అని అడిగాడు.

ఆ అట్టతోనే ఇంకో రెండు సంగతులు తేలతాయి. పెట్టె ముందు కొన అద్దం మీదికి ఎంత వస్తుందో తెలుస్తుంది, డ్రైవర్ సీట్లో కూర్చుని పైన ట్రాఫిక్ లైటు కనిపిస్తుందో లేదో చూసుకోవచ్చు. వెనక షార్క్ ఫిన్ యాంటెన్నా ఉంటే దానికి పెట్టె అడుగు తగులుతుందేమో కూడా చూడండి. సన్‌రూఫ్ ఉన్నవాళ్లు, అద్దం పైకి లేచే రకమైతే, బార్లు ఉన్నంతకాలం దాన్ని మర్చిపోవడం మంచిది.

పొడుగు సన్నం పెట్టెలున్నాయి, పొట్టి వెడల్పు పెట్టెలున్నాయి. రెండు మీటర్ల పెట్టె ఇన్నోవా మీద అందంగా ఉంటుంది, స్విఫ్ట్ మీద రెండు చివర్లా వేలాడుతుంది. చిన్న కారుకు పొట్టిదే. లీటర్ల లెక్కలో 300 పైచిలుకు మా ఐదుగురి బట్టలు, దుప్పట్లకు సరిపోయింది. పెద్దది కొంటే నింపాలనిపిస్తుంది, నింపితే బరువు హద్దు దాటుతుంది. వెడల్పు మాత్రం కారు బాడీ దాటకూడదు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 194(1ఎ) సెక్షన్ ప్రకారం లోడు బండి పక్కలకు గానీ, ముందుకు, వెనక్కి గానీ, ఎత్తులో గానీ హద్దు దాటితే జరిమానా 20,000 రూపాయలు. ఆ డబ్బుతో ఇంకో జత బార్లు వస్తాయి.

బార్ల కొనుగోలు ఇలా ఉంటుంది. థూలే లాంటి కంపెనీలు మూడు ముక్కలుగా అమ్ముతాయి: పాదాలు, బార్లు, కిట్. పాదాలూ బార్లూ చాలా కార్లకు ఒకటే. కిట్ మాత్రం మీ కారుకే. అందులో మీ టాపు వంపుకు తగ్గ రబ్బరు మెత్తలు, మీ డోర్ ఫ్రేముకు తగ్గ కొక్కేలు ఉంటాయి. కిట్‌కు నెంబరు ఉంటుంది. కంపెనీ సైటులో కారు పేరు, ఏడాది, తలుపులెన్నో ఇస్తే ఆ నెంబరు చెబుతుంది. నాకు ఇది ఆది జాకెట్టులా అనిపించింది, అది చేతిలో ఉంటే ఇక కళ్లు మూసుకుని కుట్టొచ్చు. సెకండ్ హ్యాండ్‌లో ఎవరైనా బార్లు అమ్ముతుంటే మొదట అడగాల్సింది ధర కాదు, కిట్ నెంబరు. పాదాలు, బార్లు మంచివైతే కొనేసి మీ కారు కిట్ విడిగా కొత్తది తెప్పించుకోవచ్చు. నేను చేసింది అదే. అన్నీ కొత్తగా బ్రాండెడ్ కొంటే బార్లు, పెట్టె కలిపి మంచి పవర్ కుట్టుమిషన్ ధర దాటుతుంది, నా బోటివాడికి అది పెద్ద మాటే.

బారు ఆకారం చూడండి. చౌకవి చదరపు ఇనప గొట్టాలు, పైన ప్లాస్టిక్ తొడుగు, సుమారు 32 మిల్లీమీటర్ల వెడల్పు. ఖరీదైనవి రెక్కలా బల్లపరుపుగా ఉండే అల్యూమినియం, 80 మిల్లీమీటర్ల దాకా వెడల్పు, పైన పొడవునా 20 మిల్లీమీటర్ల గాడి. పెట్టె అడుగున యూ బోల్టులు గానీ, పంజాలాంటి క్లాంపులు గానీ ఉంటాయి. పాత పెట్టె యూ బోల్టు వెడల్పు బారు చుట్టూ పట్టదు. కొనేముందు పెట్టె క్లాంపు ఎంత వెడల్పు దాకా తెరుచుకుంటుందో టేపు పెట్టి చూడండి. చదరపు గొట్టాలకు గాలి చప్పుడు ఎక్కువ. రెక్క బార్లలో కూడా ఆ గాడి ఖాళీగా వదిలేస్తే ఈల వేస్తుంది. దానికి రబ్బరు పట్టీ ఇస్తారు, కావాల్సినంత కత్తెరతో కోసి నింపాలి.

పెట్టె మూత ఎటు తెరుచుకుంటుందో అడగండి. రెండు వైపులా తెరుచుకుంటే మంచిది. ఒక్క వైపే అయితే మనకు ఎడమవైపు తెరుచుకోవాలి. మనం రోడ్డుకు ఎడమవైపు ఆపుతాం కాబట్టి, కుడివైపు తెరిచేదైతే లారీలు పోయేవైపు నిలబడి సామాను దించాల్సొస్తుంది. విదేశాల నుంచి వచ్చిన పెట్టెల్లో ఇది తేడాగా ఉండొచ్చు.

ఆటోనగర్ సంగతి చెప్పకపోతే విజయవాడలో కారు గురించి రాసినట్టు కాదు. లారీ బాడీనే మొత్తం కట్టేసే చోటు, రెండు బార్లు ఒక లెక్కా? నా సొట్ట అక్కడే తీయించాను, చేయి తిరిగిన పని. బిగింపుకి వెళ్తే మేస్త్రీ ఒకే మాట అన్నాడు. "టాపుకి నాలుగు చిల్లులేసి బోల్టు పెట్టేద్దాం టైలర్ గారూ, జన్మలో కదలదు." కదలదు, నిజమే. చిల్లు చుట్టూ తుప్పు మొదలవుతుంది, వానాకాలంలో లైనింగ్ తడుస్తుంది, కంపెనీ వారంటీ ఉంటే పోతుంది. పైగా కంపెనీ ఇచ్చిన రూపం మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకి వస్తుంది. విప్పితే కారు మళ్లీ మామూలుగా కనిపించే బిగింపే మేలు. ఆయనతో తుప్పు పట్టిన పాత నట్లు తీయించి స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించుకున్నా, అంతే.

బిగించేటప్పుడు టాపు, డోర్ ఫ్రేము కడిగి ఆరబెట్టండి. మెత్త కింద ఇసుక రేణువుంటే అది గరుకు కాగితమే. నాలుగు పాదాలనూ ఒక్కోటి పూర్తిగా బిగించొద్దు. ఇదింత, అదింత, ఎదురు మూలలకు మారుతూ బిగించాలి. తర్వాత బారును రెండు చేతులతో పట్టుకుని ఊపండి. కారు మొత్తం స్ప్రింగుల మీద ఊగాలి, బారు ఒక్కటే కదిలితే మళ్లీ మొదలు. తలుపులు నాలుగూ తీసి వేసి చూడండి, కొక్కెం దగ్గర బీడింగ్ మడత పడిందేమో. మా ఆవిడ బాటిల్‌తో నీళ్లు పోస్తుంటే నేను లోపల కూర్చుని వేలితో తడిమి చూశా. ఈసారి పొడిగా ఉంది.

సర్దేటప్పుడు బరువైనవి కారులోపల, తేలికైనవి, జాగా తినేవి పైన. బట్టలు, దిండ్లు, దుప్పట్లు, పిల్లల జాకెట్లు. పైన కూడా కాస్త బరువున్నది రెండు బార్ల మధ్యలో ఉండాలి. పచ్చళ్ల జాడీలు, బియ్యం బస్తా, గ్యాస్ సిలిండర్ పైకెక్కించొద్దు. ఎండకు పెట్టె లోపల మండిపోతుంది, నేతి స్వీట్లు కరిగి కారతాయి, ఆ జిడ్డు బట్టలకు పడితే నా దగ్గరికి తెచ్చినా పోదు. ఇంకోటి, పెట్టె ఎంత మంచిదైనా గట్టి వానకు మూత అంచు నుంచి చెమ్మ దిగొచ్చు. రంగు దిగే చీర పాలిథిన్ కవర్లో పెట్టాల్సిందే. ఈ విషయంలో మా ఇంట్లో ఇక చర్చ లేదు.

బయలుదేరాక మొదటి 50 కిలోమీటర్ల దగ్గర ఆగి మళ్లీ బిగింపు చూడాలి. హైదరాబాద్ వైపైతే నందిగామ సరిగ్గా ఆ దూరమే. టీ తాగుతూ ఎలన్ కీతో నాలుగు పాదాలూ చూస్తా. మొదటిసారి రెండు పాదాలు పావు చుట్టు తిరిగాయి. స్పీడు నేను 80 దాటించను. మైలేజీ తగ్గుతుంది, ఎదురుగాలిలో ఇంకా తగ్గుతుంది. లారీని దాటేటప్పుడు పక్కగాలి తోసినట్టు స్టీరింగులో తెలుస్తుంది, రెండు చేతులూ వదలొద్దు.

ఎత్తు మర్చిపోవద్దు. మా స్విఫ్ట్ 153 సెంటీమీటర్లు. బార్లు 10, పెట్టె 39 కలిపితే 202. వంతెనల దగ్గర నాకు భయం లేదు, అపార్ట్‌మెంటు సెల్లార్ పైకప్పుకు వేలాడే పైపుల దగ్గరే భయం. చెల్లెలి వాళ్ల సెల్లార్‌లోకి దూరే ముందు మా అమ్మాయి దిగి టేపు పట్టుకుని నిలబడింది. డ్యాష్‌బోర్డు మీద కాగితం అంటించా: "202. పైన పెట్టె ఉంది."

ఇంటికొచ్చిన మర్నాడే విప్పేస్తా. ఖాళీ పెట్టె మోస్తూ ఊళ్లో తిరగడం పెట్రోలు దండగ. పెట్టె షాపు వెనక గోడకు నిలబెట్టి పాత బెడ్‌షీటు కప్పుతా, పగలు కుట్టిన జాకెట్లు దాని మీదే వేలాడతాయి. బార్లు మంచం కింద. తాళాలు, ఎలన్ కీ, కిట్ నెంబరు రాసిన చీటీ హుక్కుల డబ్బాలో.